నాన్న క్యాంటీన్ బాటిల్: మాజీ సైనికుడి తాగుడు వెనక ఏముంది?

ఈ ఎపిసోడ్‌కి ముందు వేరే టాపిక్ అనుకున్నాను. ఒక మెసేజ్ చూశాక మార్చేశాను. ముందు అది చదువుతాను. పంపిన అమ్మాయి పేరు, ఊరు చెప్పను. తనని అడిగే చదువుతున్నాను, కొన్ని వివరాలు మార్చాను కూడా.

"అన్నా, మా నాన్న ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చేశారు. ఇప్పుడు ఆయనకి 42. ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ సెక్యూరిటీ. పొద్దున డ్యూటీ దిగి వచ్చి తాగి పడుకుంటారు. సాయంత్రం లేచేసరికి చేతులు వణుకుతుంటాయి, ఒక పెగ్గు పడితే ఆగుతాయి. కొట్టరు, తిట్టరు. అసలు మాట్లాడరు, అంతే. అమ్మ ఎవరో చెప్పారని కూరలో కలిపే మాత్రలు తెప్పించింది. నాన్నేమో ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాను, దాంతో మానేస్తాను అంటున్నారు. ఏది కరెక్ట్? ఇంకోటి అన్నా, మా నాన్న తాగుబోతా, లేక ఆయనకేమైనా జబ్బా?"

నేను సైకాలజీ చదివినవాణ్ణి. డాక్టర్‌ని కాదు, మందులు రాయను. కానీ ఇందులో రెండు విషయాలు ఆగేవి కావు కాబట్టి ముందు అవి చెప్పేస్తాను. కారణాల సంగతి తర్వాత.

మొదటిది, ఆ మాత్రలు. మన దగ్గర కూరలోనో, సాంబార్లోనో తెలియకుండా కలిపి పెట్టే మాత్ర చాలా వరకు డైసల్ఫిరామ్. తాగిన ఆల్కహాల్‌ని లివర్ ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది, తర్వాత దాన్నీ కరిగించేస్తుంది. ఈ మాత్ర ఆ రెండో పనిని ఆపేస్తుంది. అంటే ఆ విషం ఒంట్లోనే పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బో, లివర్ జబ్బో ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి రావచ్చు. డైసల్ఫిరామ్ చెడ్డ మందేం కాదు. డాక్టర్ పరీక్షలు చేసి, వేసుకునే మనిషికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాక ఇచ్చే మందు అది. తెలియకుండా పెడితే దాన్ని వైద్యం అనరు. పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆయనకి తెలుస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో అన్నం ముద్ద మీద కూడా నమ్మకం పోతుంది.

రెండోది, మాల. మాల మంచిదా కాదా అన్నది నా పాయింట్ కాదు. "లేచేసరికి చేతులు వణుకుతాయి, పెగ్గు పడితే ఆగుతాయి" అని ఆ అమ్మాయి రాసిన లైన్ చూడండి. అది శరీరం మందుకి అలవాటు పడిపోయిందని చెప్పే గుర్తు. ఇలాంటి మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం.

ఎందుకంటే, మెదడులో ఒక బ్రేక్, ఒక యాక్సిలరేటర్ ఉన్నాయనుకోండి. మందు బ్రేక్ తొక్కుతుంది. రోజూ తొక్కుతుంటే మెదడు ఊరుకోదు, బ్యాలెన్స్ కోసం తనూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం మొదలుపెడుతుంది. ఒకరోజు మందు ఆపేశారు. బ్రేక్ లేదు, యాక్సిలరేటర్ మాత్రం ఫుల్లుగా ఉంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, కంగారు. చాలావరకు మొదటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం వస్తుంది. లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండె వేగం. వైద్యం అందకపోతే చనిపోయే అవకాశం కూడా ఉంది. మన ఊళ్లలో ఏమంటారు? గాలి సోకింది అంటారు. మాల వేసుకున్న రెండో రోజో మూడో రోజో ఇలా జరిగితే స్వామికి కోపం వచ్చిందంటారు. అది విత్‌డ్రాయల్ అండీ. హాస్పిటల్లో దీనికి మందులున్నాయి. కొన్ని రోజుల పాటు డోసు తగ్గించుకుంటూ ఇస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు, పల్స్, బీపీ చూస్తుంటారు. కాబట్టి మాల వేసుకోవాలనుకుంటే ముందు డాక్టర్, తర్వాత గురుస్వామి. ఈ వరస మారకూడదు.

ఇక అసలు ప్రశ్న. తాగుబోతా, జబ్బా?

ఆ ప్రశ్నని నేను కొంచెం మారుస్తాను. ఆ మందు ఆయనకి ఏం పని చేసిపెడుతోంది?

సైకాలజీలో కోపింగ్ అనే మాట ఉంది. కష్టాన్ని మనిషి తట్టుకునే తీరు. 1984లో రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ అనే ఇద్దరు దీనిమీద ఒక పుస్తకం రాశారు, ఇప్పటికీ అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. వాళ్ల లెక్కలో ముఖ్యంగా రెండు దారులు. ఒకటి సమస్య మీద పని చేయడం. రెండోది ఆ సమస్య వల్ల లోపల పుట్టే బాధ మీద పని చేయడం. బైక్ పాడైతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడం మొదటిది. అమ్మ పోతే బాగు చేయడానికేముంది? ఏడుస్తాం, నలుగురితో చెప్పుకుంటాం, అది రెండోది. రెండూ అవసరమే. వీటి పక్కనే తప్పించుకోవడం అనే తీరు కూడా ఉంది. ఆలోచించకపోవడం, మాట్లాడకపోవడం, మర్చిపోవడానికి ఏదో ఒకటి పట్టుకోవడం.

చాలా వీడియోల్లో ఈ మూడోదాన్ని విలన్‌ని చేసేస్తారు. నాకది నచ్చదు. ఒక జవాన్ పోస్టులో ఉన్నాడు. పక్కన ఉన్నవాడికి దెబ్బ తగిలింది. ఆ క్షణంలో కూర్చుని ఏడిస్తే ఇంకో ఇద్దరు పోతారు. "ఇప్పుడు కాదు, తర్వాత" అని లోపలికి నెట్టేసి పని చేయడమే ట్రైనింగ్. అక్కడ అది ప్రాణాలు కాపాడే నైపుణ్యం. సమస్య ఎక్కడ వచ్చిందంటే, ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. ఇంకో పోస్టింగ్, ఇంకో డ్యూటీ, ఇంకో సెలవు. చివరికి పెన్షన్ మీద ఇంటికొచ్చి రాత్రి ఫ్యాన్ కింద ఖాళీగా పడుకున్నప్పుడు అన్నీ ఒకేసారి వస్తాయి.

అప్పుడు రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుంది. నిజంగానే పడుతుంది, అబద్ధం కాదు. మందు త్వరగా నిద్రపుచ్చుతుంది. కానీ నిద్రలో కలలు వచ్చే దశని మొదట్లో అణిచేస్తుంది, మందు ప్రభావం తగ్గేకొద్దీ రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది, కలలు ఎదురుతిరిగి వస్తాయి. తెల్లారుజామున మెలకువ, గుండె దడ. మరుసటి రోజు అలసట, చిరాకు. ఆ రాత్రి రెండు చాలవు, మూడు. 1985లో ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే సైకియాట్రిస్ట్ దీనికి ఒక మాట వాడారు, సెల్ఫ్ మెడికేషన్ అని. అంటే ఎవరూ రాయని మందు తనకి తానే వేసుకోవడం. ఆ మందే జబ్బుని పెంచుతుంటుంది, అదీ చిక్కు.

ఇక్కడ మీలో చాలామందికి పీటీఎస్‌డీ అనే మాట గుర్తొస్తుంది. సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. 1980లో అమెరికన్ సైకియాట్రీ వాళ్ల పుస్తకంలోకి ఆ పేరు ఎక్కింది, దాని వెనక వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం చాలా ఉంది. పీడకలలు, దీపావళి బాంబుకి ఉలిక్కిపడటం, హోటల్లో గోడకి వీపు ఆనించి, తలుపు కనిపించేలా మాత్రమే కూర్చోవడం, కొన్ని చోట్లకి అసలు వెళ్లకపోవడం. నెలకి మించి ఇవి ఉండి బతుకుని దెబ్బతీస్తుంటే డాక్టర్ ఆ పేరు పెడతారు.

కానీ లెక్కలు చూస్తే కథ వేరేలా ఉంటుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలం నాటి బ్రిటిష్ సైనికుల మీద లండన్ కింగ్స్ కాలేజ్ వాళ్లు చేసిన స్టడీ 2010లో లాన్సెట్‌లో వచ్చింది. దాదాపు 10,000 మంది. అందులో పీటీఎస్‌డీ ఉండొచ్చు అనిపించినవాళ్లు 4 శాతం. మద్యం హద్దు మీరినవాళ్లు 13 శాతం. దిగులు, ఆందోళన లాంటి లక్షణాలున్నవాళ్లు దాదాపు 20 శాతం. ఆ లెక్క తెచ్చి మన జవాన్ల మీద అతికించలేం, వాళ్ల సైన్యం వేరు, తాగే పద్ధతి వేరు. నేను చెప్పేది ఒక్కటే. తుపాకీ మోతలు, పీడకలలు లేవు కాబట్టి మా నాన్నకి ఏమీ లేదు అనుకోవద్దు. గొప్ప పేరున్న జబ్బుకంటే మామూలు దిగులు, మామూలు తాగుడు చాలా ఎక్కువమందిని పట్టుకుంటాయి.

మన దగ్గర ఆ దిగులు ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం చూద్దాం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇప్పటిదాకా దాదాపు ప్రతి ఇంటికీ సైన్యంతో సంబంధం ఉన్న ఊరు. అలాంటి చోట రిటైరై వచ్చినవాడికి పక్కింట్లో కూడా ఒక సాబ్ ఉంటాడు, అరుగు మీద కూర్చుంటే యూనిట్ కబుర్లు చెప్పుకోవచ్చు. అందరికీ మాధవరం ఉండదు కదా. చాలామంది జవాన్లు 35, 40 ఏళ్లకే బయటికొస్తారు. మిగతా ప్రపంచంలో ఆ వయసుకి మనిషి కెరీర్ మధ్యలో ఉంటాడు. వీళ్లు మళ్లీ మొదటి నుంచి.

పొద్దున విజిల్ లేదు. పీటీ లేదు, ఫాలిన్ లేదు. భుజం మీద ర్యాంకు లేదు. నిన్నటిదాకా తన కింద పదిమందిని నడిపించిన మనిషి ఇవాళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, కాలేజీ కుర్రాడి బైక్‌కి గేటు తీస్తాడు. మీలో ఎవరైనా ఆ కుర్రాడై ఉండొచ్చు, తప్పుపట్టడం లేదు. ఇంట్లో కూడా తను లేకుండానే పదిహేనేళ్లు గడిచిపోయాయి. పిల్లల ఫీజు, గ్యాస్ బండ, చుట్టాల పెళ్లిళ్లు, అన్నీ అమ్మ చూసుకుంది. ఆయన వచ్చి ఏదన్నా అంటే "మీకు తెలీదులెండి" అని వస్తుంది. పాపం, నిజంగానే తెలీదు. సెలవు మీద వచ్చినప్పుడు రాజులా చూసిన ఇల్లు, శాశ్వతంగా వచ్చేసరికి ఆయనకి ఎక్కడ కూర్చోవాలో చెప్పదు.

మందు మాత్రం రెండు చోట్లా ఉంది. యూనిట్‌లో బడాఖానాకి తాగుతారు, చలి పోస్టులో తాగుతారు. కానీ అక్కడ పొద్దున ఐదుకి లేవాలి, పక్కన సీనియర్ ఉంటాడు, డోసు దానంతటదే హద్దులో ఉంటుంది. అందరూ అంతేనని కాదు, సర్వీసులోనే ముదిరినవాళ్లూ ఉన్నారు. ఇంటికొచ్చాక క్యాంటీన్ కార్డు మీద నెలనెలా కోటా వస్తుంది, బయటికంటే చవక. మూత మాత్రం లేదు.

వియత్నాం నుంచి ఇంకో విషయం. 1971 ప్రాంతంలో అక్కడున్న అమెరికన్ సైనికుల్లో హెరాయిన్ విపరీతంగా పాకింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్లని కలిసి మాట్లాడితే, దాదాపు 20 శాతం మంది అక్కడ దానికి బానిసలయ్యామని ఒప్పుకున్నారు. దేశం భయపడిపోయింది, వీళ్లంతా వచ్చి వీధుల్లో పడతారని. తీరా చూస్తే, అలా బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్లీ దానికి చిక్కినవాళ్లు 5 శాతమే, మూడేళ్లలో 12 శాతం. చాలామంది పెద్ద ట్రీట్‌మెంట్ కూడా తీసుకోలేదు. చోటు మారింది, చుట్టూ మనుషులు మారారు, సరుకు దొరకడం కష్టమైంది. అలవాటు సగం మనిషిలో ఉంటే సగం చోటులో ఉంటుంది. మన మాజీ సైనికుడి విషయంలో ఇది తిరగబడింది. చోటు మారింది, కానీ పోయినవి మంచివి. టైమ్ టేబుల్, తోటివాళ్లు, మర్యాద. మిగిలింది బాటిల్.

ఇప్పుడు మాల దగ్గరికి మళ్లీ వస్తాను. ఏళ్ల తరబడి తాగేవాళ్లు ఆ 41 రోజులు చుక్క ముట్టకపోవడం మీరు చూసే ఉంటారు. భక్తి అంటారు, కరెక్టే. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. తెల్లవారకముందే లేవాలి, చన్నీళ్ల స్నానం. యూనిఫాం ఉంది, నలుపు. నేల మీద పడక. తోటి స్వాములతో కలిసి తిండి. పైన గురుస్వామి. చిన్నా పెద్దా అందరూ "స్వామీ" అని పిలుస్తారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా అలాగే పిలుస్తాడు. అది బ్యారక్ కాదూ? ఆయన పోగొట్టుకున్నవన్నీ 41 రోజులకి తిరిగొచ్చాయి. ఇరుముడి దించి మాల తీయగానే మళ్లీ పోయాయి. అందుకే మూడో రోజుకల్లా బాటిల్.

ఆ నాన్న మాల వేసుకుంటాననడంలో నాకు మొండితనం కనిపించలేదు. తనకి ఏం కావాలో ఆయనకి తెలుసు, పేరు పెట్టడం తెలీదు. డాక్టర్ దగ్గర విత్‌డ్రాయల్ దాటించుకుని, ఆ తర్వాత మాల వేసుకుని, తీసేశాక కూడా పొద్దున లేవడానికి ఒక కారణం, కూర్చోవడానికి నలుగురు మనుషులు ఉండేలా చూస్తే ఆ 41 రోజులు మంచి మొదలు. నైట్ డ్యూటీ మార్పించుకోవడం కూడా ట్రీట్‌మెంట్‌లో భాగమే అంటాను. పగలు నిద్రపోవాల్సిన మనిషికి మందు ఒక సాకు కాదు, సాధనం అయిపోతుంది.

సరే, ఇంట్లో ఎలా మాట్లాడాలి? తాగి ఉన్నప్పుడు మాట్లాడొద్దు, మాట వృథా. "ఎందుకు తాగుతున్నావ్" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు, కోపమే ఉంటుంది. "నాన్నా, సరిగ్గా నిద్ర పడుతోందా?" అని అడగండి. నిద్ర గురించి చెప్పుకోవడం ఏ సైనికుడికీ సిగ్గు కాదు. డాక్టర్ దగ్గరికి కూడా నిద్ర కోసం వెళ్దాం అనొచ్చు, అక్కడ మిగతావి వాళ్లే అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఆడిట్ అని 10 ప్రశ్నల పరీక్ష ఉంది. మొత్తం 40 మార్కులు. 8 దాటితే జాగ్రత్తపడాలి, 20 అలా వచ్చిందంటే శరీరం బానిసై ఉండొచ్చు.

ఒక కష్టమైన ప్రశ్న కూడా ఉంది. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతాం, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే, పురుగుల మందు ఉంటే ఆ రోజే బయటికి చేరాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, మాజీ సైనికులకి 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. కార్డు ఉంటే దగ్గర్లోని పాలిక్లినిక్‌కి వెళ్లాలి, అక్కడి నుంచి లిస్టులో ఉన్న హాస్పిటల్‌కి రిఫర్ చేస్తారు. సర్వీసులో ఉండగా తాగుడు సంగతి బయటపడితే మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, ప్రమోషన్ పోతుంది అన్న భయం ఉండేది. అందుకే దాచడం అలవాటైంది. ఇప్పుడు ట్రీట్‌మెంట్‌కి వెళ్తే సర్వీసు పెన్షన్ పోదు, ఆయనకి ఈ ముక్క ముందే చెప్పండి. టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, 2022 నుంచి నడుస్తోంది. మద్యం, డ్రగ్స్ విషయాలకి ప్రత్యేకంగా 14446. మా వాడిని వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్లండి అని ఫోన్ చేసే సెంటర్లున్నాయి చూడండి, వాటి జోలికి పోవద్దు. ఏ సెంటర్‌లోనైనా డాక్టర్ ఉన్నాడా, మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్టర్ అయిందా అని అడగండి.

ఇక ఆ చెల్లికి. ఆయన తాగడం నీ వల్ల కాదు, ఆపడం నీ ఒక్కదాని చేతిలోనూ లేదు. నీ సెమిస్టర్ పరీక్షలు నువ్వు రాసుకో. అమ్మకి, నీకు కూడా మాట్లాడుకోవడానికి మనిషి కావాలి. 14416కి తాగే మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేలోపు తన దగ్గర్నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. మాత్రలు అమ్మ పడేసిందట. నిద్ర గురించి అడిగితే నాన్న పది నిమిషాలు మాట్లాడారట. తాగుడు గురించి కాదు, తనతో పాటు ఒకే టెంటులో ఉన్న ఒక ఫ్రెండ్ గురించి. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఇంతకుముందు వినలేదంట. పాలిక్లినిక్‌కి ఇంకా వెళ్లలేదు, సోమవారం అంటున్నారు. వెళ్లాక చెప్తానంది.

ఉంటాను ఫ్రెండ్స్. నంబర్లు రెండూ ఇంకోసారి: 14416, 14446.